అంటించిన ఆఖరి అధ్యాయం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. విజయనగరంలో ముప్పై నాలుగేళ్ళు తెలుగు పంతులమ్మగా పనిచేశాను. రిటైరయ్యాక కూడా అది అక్కణ్ణుంచి దిగలేదు. కాబట్టి ఆగస్టులో ఆ రోజు శ్రీకాకుళంలో అరసవల్లి వైపున్న ఒక చిన్న గ్రంథాలయంలో నేను అరిచిన అరుపులకి నన్నెరిగిన వాళ్ళెవరూ ఆశ్చర్యపోరు.

గంజాయికి అలవాటుపడ్డ పదహారేళ్ళ కుర్రాడి మీద నేనొక నవల రాశాను. పేరు ‘కిరణ్ మళ్ళీ నవ్వాడు’. మొత్తం పదకొండు అధ్యాయాలు. హైస్కూలు, ఇంటర్ పిల్లలు చదువుకోవాలని రాసింది. దానికొక బహుమతి కూడా వచ్చింది. మత్తు అలవాట్ల గురించి పిల్లలతో మాట్లాడమని ఆ గ్రంథాలయం చూసుకునే జగన్నాధంగారు పిలిస్తే బస్సెక్కి వెళ్ళాను. వెళ్ళగానే చేసిన మొదటి పని, బీరువాల్లో నా పుస్తకం ఎక్కడుందో వెతుక్కోవడం. రాసేవాళ్ళందరూ చేసేదే, పైకి చెప్పుకోరంతే.

దొరికింది. మూలలు మెత్తబడి, అట్ట నలిగి, చాలా చేతులు మారినట్టుంది. నాకు ఒళ్ళు పులకరించింది. తీరా తెరిస్తే పదో అధ్యాయం తర్వాత పేజీ తిరగడం లేదు. చివరి పద్నాలుగు పేజీలూ మైదా జిగురుతో ఒకదానికొకటి అంటించేసి ఉన్నాయి. చెమ్మ తగిలి అంటుకున్నవి కావు. అంచులు సమంగా కలిపి, బరువు పెట్టి ఆరబెట్టినవి. పక్కన అలాంటివే ఇంకో నాలుగు నవలలున్నాయి, వేరేవాళ్ళు రాసినవి. అన్నీ పిల్లలూ మత్తూ మీదే. వాటినీ తీసి చూశాను. అన్నిటికీ ఆఖరి అధ్యాయం మూసేసి ఉంది.

“ఎవరండీ ఈ పని చేసింది?” అని అరిచాను.

జగన్నాధంగారు కంగారుపడి “లక్ష్మణమ్మా!” అని కేకేశారు. వెనక వసారాలోంచి ఒక సన్నటి మనిషి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చేతులకి జిగురు ఎండి పొరలు కట్టి ఉంది. అక్కడ తాళం తీసేదీ, ఊడ్చేదీ, చిరిగిన పుస్తకాలు కుట్టి బైండు చేసేదీ ఆవిడే.

“నానే అంటించాను మేస్టరమ్మా,” అంది. తప్పు ఒప్పుకుంటున్నట్టు లేదు, చేసిన పని చెబుతున్నట్టుంది.

“ఎందుకు?”

“అబద్దం కదేటి.”

నేను రాసింది అబద్ధమట! బహుమతి ఇచ్చిన ముగ్గురు పెద్దమనుషులకి తెలియనిది ఈవిడకి తెలిసిందట! జగన్నాధంగారు నన్నొక పక్కకి పిలిచి, ఆవిడది పర్మనెంటు ఉద్యోగం కాదనీ, నేనొక కాగితం రాసిస్తే రేపే మాన్పించేస్తాననీ అన్నారు. నాకు కావలసింది కూడా అదే. కాగితం తెమ్మన్నాను.

లక్ష్మణమ్మ వినేసింది. “రాసుకోండి. రాసే ముందు ఒక్క గుంటతోటి, అదిగో ఆ పిల్లతోటి, మాటాడండి సాలు,” అని నా జవాబు కోసం చూడకుండా కిటికీ పక్క బల్ల దగ్గరికి నడిచింది. తిట్టడానికైనా వెంట వెళ్ళాలి కదా, వెళ్ళాను.

అక్కడ కూర్చున్న అమ్మాయి పేరు అరుణశ్రీ. ఇంటర్ మొదటి సంవత్సరం. పుస్తకం ముందు పెట్టుకుని చున్నీ కొస నమిలేస్తోంది. ఆ పిల్ల చెప్పింది విన్నాక నేను కాగితం అడగలేదు. హాస్టల్లో నిద్రపట్టడం లేదని మొదలుపెట్టిన దగ్గు మందు ఆరు నెలల్లో రోజూ తాగేదాకా వచ్చిందట. ఎవరికీ తెలీదు. దగ్గు మందు తాగే ఆడపిల్లని ఎవరు అనుమానిస్తారు? గ్రంథాలయానికి వచ్చి నా నవల నాలుగుసార్లు చదివింది.

“కిరణ్ ఏం చేస్తే అదే చేశాను మేడమ్. నాగావళి గట్టుకెళ్ళి సీసా విసిరేశాను. తలంటుకున్నాను. అమ్మకి దణ్ణం పెట్టుకున్నాను. మర్నాడు కిరణ్ లేచి కాలేజీకెళ్ళి నవ్వుతాడు కదా. నాకు మర్నాడు చేతులు వొణికిపోయాయి. సాయంత్రానికి మళ్ళీ కొనుక్కున్నాను. మూడుసార్లు అలాగే అయింది. కిరణ్‌కి అయింది నాకెందుకు అవలేదు, నేనే అంత చెడ్డదాన్నేమో అనిపించింది. ఆఖరిసారి గట్టు మీద సీసా విసిరేశాక నేను కూడా దూకేద్దామని నిలబడ్డాను.”

లక్ష్మణమ్మ ఆ పిల్ల తలమీద చెయ్యేసింది. “దూకలేదు. ఇక్కడికొచ్చి, అత్తా, ఈ బుక్కు నాకొద్దు అని నా మీద ఇసిరీసింది. ఏటయిందే అంటే సెప్పింది. ఆ రోజే అంటించీసాను. ఇప్పుడు గుంటలు అక్కడి దాకా సదివి, అత్తా, తర్వాత ఏటయింది అని అడుగుతారు. నాకు తెలీదే, నువ్వెలాగున్నావు అంటాను. అప్పుడు కూకుని సెప్తారు.”

నాకు సిగ్గేసింది. దాంతోపాటు కోపం కూడా తగ్గలేదు. “అయితే ఏం రాయాలంటావు? పిల్లలకి ధైర్యం చెప్పొద్దా?” అని అడిగాను.

“అన్ని బుక్కుల్లోనూ ఒకటే కదా మేస్టరమ్మా. సెడగొట్టినోడికి జుత్తు పొడుగు. ఒక్క దమ్ముకే ఈడు పాడయిపోతాడు. పది పేజీలు తిప్పితే అమ్మ మెళ్ళో గొలుసు ఎత్తుకెళ్ళిపోతాడు. ఆఖర్ని అమ్మ ఏడిసిందని మానీస్తాడు. అమ్మ ఏడిస్తే మానీసీదయితే మా ఊర్లో ఒక్క చుట్టయినా అమ్ముడవదు.”

అరుణశ్రీ ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను.

చుట్ట సంగతి ఆవిడ ఊరికే అనలేదు. ఆ మధ్యాహ్నం సభ అయ్యాక వెనక వసారాలో కూర్చుని తన కథ చెప్పింది. సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డు పల్లె వాళ్ళది. ఏడో తరగతి దాకా చదివింది. పదమూడో ఏట పన్ను పోటెక్కి దవడ వాచి ఏడుస్తుంటే, చేపలు అమ్ముకొచ్చిన వాళ్ళమ్మ తన నోట్లోని చుట్ట తీసి పిల్ల నోట్లో పెట్టింది. అడ్డపొగ. మా ఉత్తరాంధ్రలో పాతతరం ఆడవాళ్ళు చుట్టని తిప్పి, నిప్పున్న వైపు నోట్లో ఉంచుకుని కాలుస్తారు. గాలికి ఆరిపోదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. నొప్పి తగ్గింది. మర్నాడు కూడా పెట్టింది. పదహారొచ్చేసరికి అది లేకపోతే చేపల తట్ట నెత్తికెత్తలేకపోయేది.

“నన్నెవరూ సెడగొట్టలేదు మేస్టరమ్మా. మాయమ్మ నన్ను పేనంగా సూసుకుంది. పేనంగా సూసుకునే ఎట్టింది. మీ బుక్కుల్లో అలాటి అమ్మ ఒక్కర్తీ నేదు,” అంది.

భర్త అసిరయ్య ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో వెరావల్ రేవులో చేపల పడవల మీద ఉంటాడు. ఈవిడ చేపల తట్టతో శ్రీకాకుళం వచ్చిపోతూ, గ్రంథాలయంలో పాత బైండరు సోములుకి చేపలమ్ముతూ, ఆయన దగ్గరే కుట్టుపని పట్టుకుంది. ఆయన పోయాక ఆ పనిలో చేరింది. పుస్తకాలు బాగుచేస్తూ బాగుచేస్తూ అన్నీ చదివేసింది. నా దగ్గర చదువుకుని తెలుగు ఎమ్మే చేసిన పిల్లలు కూడా అన్ని చదివుండరు.

అరుణశ్రీని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది ఈవిడే. అక్కడి డాక్టరమ్మ పిల్లకి మందులు రాసి, పక్కన నిలబడ్డ ఈవిడ దగ్గర పొగ వాసన పసిగట్టి నోరు తెరవమంది. అంగిట్లో తెల్లటి మచ్చ, దాని మీద ఎర్ర చుక్కలు. చుట్ట మానెయ్యాలి, డిసెంబరులో మళ్ళీ చూస్తాను, అప్పటికీ తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకి పంపాలి, ఆలస్యమైతే నోరే దక్కదు అని చెప్పింది.

“ఆ గుంటకి సెప్పీదాన్ని నాను. నాను మాత్రం మాన్లేకపోతన్నాను,” అంది లక్ష్మణమ్మ. కొంగు ముడిలో సగం కాలిన చుట్ట ఉంది. దాన్ని నేను చూడకుండా చేతితో కప్పుకుంది.

అప్పుడే నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. “నా నవల రెండో ముద్రణకి వెళుతోంది. నువ్వు చుట్ట మానెయ్యి లక్ష్మణమ్మా. నువ్వు మానేసిన రోజు పదకొండో అధ్యాయం కొత్తగా రాస్తాను. నీ కథే రాస్తాను. అప్పుడది అబద్ధం కాదు కదా!” అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఏం కనిపించిందో గానీ, “అలాగే మేస్టరమ్మా,” అంది.

అప్పట్నుంచి పదిహేను రోజులకోసారి శనివారం విజయనగరం నుంచి బస్సులో వెళ్ళేదాన్ని. ఖర్జూరాలు, లవంగాలు, సోంపు, నోట్లో వేసుకోవడానికి ఏది బావుంటుందంటే అది పట్టుకెళ్ళేదాన్ని. “ఎలా ఉంది?” అంటే మొదటిసారి “నాలుగు రోజులు ముట్టుకోలేదు” అంది. చేతులు వణుకుతున్నాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను, పిల్లలందరి ముందూ. తర్వాతిసారి “మానీసాను” అంది. ఆ తర్వాతా అదే మాట. నాకు ఎంత సంతోషమేసేదో! ఇంటికెళ్ళి రాసుకునేదాన్ని.

అనుమానం రాలేదా అంటే వచ్చింది. నేను తక్కువదాన్నా? వసారాలో పొగ కోసం చూసేదాన్ని. చెత్తబుట్టలో పీకలు వెతికేదాన్ని. ఎప్పుడైనా మాటల మధ్యలో గభాల్న ఆవిడ పెదాల వైపు చూసేదాన్ని, నిప్పు కనిపిస్తుందేమోనని. విజయనగరంలో పుట్టి, మా వీధిలోనే అడ్డపొగ కాల్చే ముసలమ్మల్ని చూస్తూ పెరిగిన నేను, నిప్పు కోసం ఆవిడ నోటి బయట వెతికాను.

డిసెంబరు మొదటివారానికి కొత్త అధ్యాయం పూర్తయింది. అందులో కిరణ్‌కి గ్రంథాలయంలో ఒక బైండరమ్మ కనిపిస్తుంది. తన పదమూడో ఏటి పన్నునొప్పి గురించి చెబుతుంది. ఇద్దరూ పందెం వేసుకుని మానేస్తారు. ఆఖరి పేజీలో ఆవిడ తన చివరి చుట్టని జిగురు గిన్నెలో ముంచేస్తుంది. ఆ వాక్యం రాసినప్పుడు నాకే కళ్ళు తడిశాయి.

శనివారం మధ్యాహ్నం పిల్లలకి చదివి వినిపించాలని ముందే చెప్పాను. సోమవారం లక్ష్మణమ్మ ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ ముందు ఇది వింటే ఆవిడకి బలంగా ఉంటుందనుకున్నాను. ఆ రోజు బస్సు తొందరగా చేరింది. పిల్లలు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఆగలేక మొదలుపెట్టేశాను. నాలుగు లైన్లు చదివేసరికి వెనక వసారా గుమ్మంలో లక్ష్మణమ్మ కనిపించింది. లోపలికి రాకుండా గడప అవతలే, గాలి తగిలే చోట, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. చేత్తో రమ్మన్నాను. వద్దన్నట్టు తలూపింది. సిగ్గుపడుతోంది కాబోలనుకుని చదువుకుంటూ పోయాను.

ఇరవై నిమిషాలు చదివాను. పన్నునొప్పి దగ్గర తలెత్తి చూశాను. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ముప్పై నాలుగేళ్ళలో నా పాఠం విని ఇలా ఏడ్చినవాళ్ళు లేరు. జిగురు గిన్నె వాక్యం ఒకటికి రెండుసార్లు చదివాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

“ఎలా ఉంది లక్ష్మణమ్మా?” అని అడిగాను.

తలూపింది.

“మాట్లాడవేం? నీ కథేగా. బాగుందా, లేదా?”

మళ్ళీ తలూపింది. కొంగు తియ్యలేదు. మాట పెగలనంతగా కదిలిపోయిందనుకుని, ఆ ఆనందంలో ఆవిడ దగ్గరికి నడిచాను. నాకంటే ముందు అరుణశ్రీ లేచింది. గబగబా వెళ్ళి ఆవిడ ముందు కూర్చుని, చెయ్యి చాపి, “అత్తా, ఇచ్చీ,” అంది.

లక్ష్మణమ్మ కొంగు దించింది. పెదాల మధ్య గోరంత చుట్ట మొదలు. దాన్ని వేళ్ళతో బయటికి లాగింది. నోట్లోంచి వచ్చిన కొస ఇంకా ఎర్రగా ఉంది. బూడిద పిల్ల అరచేతిలోకి ఉమ్మింది.

నేను గడప మీదే నిలబడిపోయాను.

“మీరు రెండింటికి కదా వస్తాననీసారు. ఈలోగా ఒక్క దమ్మని ఎలిగించాను,” అంది ఆవిడ, నాలుక కాలినవాళ్ళు మాట్లాడినట్టు. “మీరు సదివీడం మొదలెట్టీసారు. లెగిసి ఎల్తే మీ కతకి అడ్డమొస్తాను కదా. అలాగే కూకుండిపోయాను.”

“మానేశానన్నావు!” అరుపు నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

“ఆ నాలుగు రోజులే మేస్టరమ్మా. అయిదో రోజు అంటించీసుకున్నాను. మీకు సెప్దామనే అనుకున్నాను. మీరు సప్పట్లు కొట్టీసారు. ఆ తర్వాత మీ మొకం సూస్తే సెప్పబుద్ది కాలేదు.”

“మూడున్నర నెలలు నాకు అబద్ధం చెప్పావా?”

“మీకు అదే కదా కావలసింది.” తిట్టినట్టు అనలేదు. అంత మామూలుగా అంటే ఇంకా ఎక్కువ తగిలింది.

అప్పుడు అరుణశ్రీ తల వంచుకుని, “మేడమ్, నేను కూడా పోయిన నెల రెండుసార్లు తాగాను. అత్తకి అప్పుడే చెప్పాను. డాక్టరుగారికీ చెప్పాను,” అంది.

“మరి నాకెందుకు చెప్పలేదే?”

“మీకు చెబితే మీరు బాధపడతారు. లేకపోతే రాసేస్తారు.”

నాకు ఏడుపొచ్చింది. మామూలుగా నాకు ఏడుపొచ్చేటప్పుడు కోపంగా వస్తుంది, ఆ రోజు ఏడుపుగానే వచ్చింది. నేనూ లక్ష్మణమ్మ తల్లిలాగే ప్రేమతోనే తీసుకొచ్చి ఆవిడ నోట్లో ‘మానీసాను’ అన్న మాట పెట్టాను. అది పెట్టుకుని ఆవిడ నోరు విప్పలేక మూడున్నర నెలలు తిరిగింది. నేను వచ్చే శనివారాలు దగ్గరపడుతుంటే భయమేసి ఇంకో చుట్ట ఎక్కువ కాల్చేదట. అది కూడా ఆవిడే చెప్పింది, అడిగితేనే.

లక్ష్మణమ్మ నోరు పుక్కిలించుకుని వచ్చింది. బల్ల మీద నా కాగితాలు ఉన్నాయి, కొత్త పదకొండో అధ్యాయం, టైపు చేయించినవి. వాటిని తట్టి అంచులు సమం చేసింది. వేళాకోళం ఏమీ లేకుండా, రోజూ పుస్తకాలు తెచ్చిన వాళ్ళని అడిగినట్టే అడిగింది. “ఇయ్యి కూడా అంటించీమంటారేటి?”

జిగురు గిన్నె నేనే తెచ్చుకున్నాను. బ్రష్షు కూడా ఆవిడకివ్వలేదు. నాకు చేతకాని పని. ఒక పేజీకి ఎక్కువైంది, ఒక పేజీకి మూల వదిలేశాను. “మూలకి రాయండి, నేకపోతే గుంటలు గోరెట్టి లాగీస్తారు,” అని పక్కనుంచి చెబుతూనే ఉంది. పైన ఇస్త్రీపెట్టెంత రాయి పెట్టి, ఆరేదాకా కదపొద్దంది. కొంగు ముడిలో ఇంకో చుట్ట ఉందని నాకు కనిపిస్తూనే ఉంది. ఇంక నేనేమీ అడగలేదు.

సోమవారం నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. అరుణశ్రీ కూడా వచ్చింది. బయట బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. లక్ష్మణమ్మ నాలుగుసార్లు లేచి గేటు దాకా వెళ్ళొచ్చింది. ఎందుకెళుతోందో ముగ్గురికీ తెలుసు. పిలిచాక లోపలికి వెళ్ళాం. డాక్టరమ్మ చీటీ తిరగేసి, “ఏమ్మా, మానేశావా?” అంది.

లక్ష్మణమ్మ వెంటనే తిరిగి నా ముఖంలోకి చూసింది. ఆగస్టులో వసారాలో ఎలా చూసిందో అలాగే, నాకేం కావాలో కనుక్కోవడానికి.

“నాకేసి చూడకు. ఆవిడకేసి చూసి చెప్పు,” అన్నాను.

ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగింది. బయట ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. అరుణశ్రీ ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది.

“నేదమ్మా,” అంది లక్ష్మణమ్మ. “మానలేదు. మాన్లేకపోతన్నాను.”

అని నోరు తెరిచింది.